మంచు తీసి తూచాలి

గ్రిమ్స్‌బీలో రాత్రి రెండున్నర.
ఏడో నంబరు మంచం పక్కన గొంతుక్కూర్చుని
సంచి మీది గీతల్ని టార్చి వేసి చదువుతున్నాను.
గంటకి పదకొండు మిల్లీలీటర్లు.
మా అమ్మమ్మ కొలతలో గిద్దెడు కూడా కాదు,
ఉగ్గుగిన్నె అడుగు తడవదు.

మోరీన్ బ్లాంచర్డ్, డెబ్భై ఆరు.
నాలుగు రోజులు వాంతులు,
మోకాలి నొప్పి మాత్రలు మాత్రం మానలేదు.
రెండు మూత్రపిండాలూ పని ఆపేశాయి,
సమ్మె నోటీసైనా ఇవ్వకుండా.

తెర మీద క్రియాటినిన్ నూట తొంభై.
పక్కనే, సూత్రం కట్టి తేల్చిన ఇరవై రెండు.
"కాస్తయినా పనిచేస్తున్నాయిగా" అన్నాడు
కొత్త డాక్టరు కల్లమ్, పెన్ను మూత పెడుతూ.
ఎక్కడ నాయనా!
ఆ సూత్రం నిలిచిన నీళ్ళకి రాసింది.
ఇక్కడ పోటెక్కుతోంది.
రక్తం చదివేది నిన్నటి పేపరు.
ఈ నిమిషాన లోపల వడపోత సున్నా కావచ్చు,
అంకెకి ఆ కబురు అందేసరికి ఎల్లుండి.

పైగా ఆ అంకె పుట్టేది కండలోంచి.
ఈవిడలో కండ ఎంతని?
ఎక్కించిన సెలైను నాలుగు లీటర్లూ ఒంట్లోనే ఉంది,
చీలమండ నొక్కితే నా వేలిగుంట అలాగే నిలిచింది.
పలచబడ్డ రక్తంలో
చెడ్డ అంకె కూడా మంచిదానిలా నటిస్తుంది.

నిద్రపోతోందనుకున్న మోరీన్
కళ్ళు తెరవకుండానే అంది:
"అంటే మంచుతో కలిపి తూస్తున్నారన్నమాట."

ముప్పై ఒక్క ఏళ్ళు రేవులో హాడాక్ కోసిన చేతులు,
బొటనవేలి పక్కన తెల్లటి కత్తి గాటు.
"పెట్టె అడుగున మంచు దాచి బరువు చూపేవాళ్ళు.
నేను ముందు పెట్టె బోర్లించేదాన్ని.
తిట్టేవాళ్ళులే."

కల్లమ్ పెన్ను మూత తీశాడు.

మంగళవారం పదకొండు, తొమ్మిది, ఎనిమిది.
బుధవారం డయాలసిస్ మాట రెండుసార్లు వచ్చి వెళ్ళింది.
గురువారం తెల్లవారుజామున
పద్నాలుగు.
ఇరవై ఆరు.
నా కళ్ళ మీద నాకే అనుమానమొచ్చి
గొట్టం మెలిక సరిచేసి మళ్ళీ చూశాను.
నలభై ఒకటి.

ఏడింటికి ల్యాబు అంకె వచ్చింది: నాలుగు వందల ముప్పై ఎనిమిది.
నిన్నటికన్నా ఎక్కువ.
కల్లమ్ మొహం వాడిపోయింది.
నేనేం మాట్లాడలేదు,
సంచిని కిటికీ వెలుగులోకి ఎత్తాను.

"ఎంత?" అంది మంచంలోంచి.
తెలుగే వచ్చేసింది నోట్లోంచి:
"గిద్దెడు."
ఆ మాట ఆవిడకెలా తెలుస్తుంది?
అయినా పెట్టె బోర్లించినదానిలా నవ్వి
టీ అడిగింది.
టీ కూడా కొలిచే ఇచ్చాను.