చేబదులు

చిలోయె దీవిలో ఏడాదికి మూడొందల రోజులు వాన.
మిగతావి వాన లేని రోజులు కావు,
వస్తున్నానని కబురంపే రోజులు.

ఇక్కడ రొట్టెకి పట్టినట్టే ఫొటోకీ బూజు పడుతుంది.
ముందు అంచున ఒక చుక్క,
తర్వాత ఎవరిదో చెవి,
ఓ ఏడాది తెరవకపోతే మనిషికి మనిషే మాయం.

ఆల్బమ్ పొయ్యికి ఎంత దూరంలో ఉండాలంటే
మా అత్త ఎదెల్మీరా దగ్గర ఒకటే కొలత:
"పిల్లి ఎక్కడ పడుకుంటే అక్కడ."
ఆవిడ పోయాక పిల్లీ నాకే వచ్చింది, ఆల్బమూ నాకే.

జిగురు అట్టల ఆల్బమ్ అది.
పైన ప్లాస్టిక్ పొర, ఫొటోల్ని కాపాడ్డానికని కొన్నది.
అదే కూర్చుని వాటిని తింటోంది.

పళ్లసందులు తోముకునే దారం తీసుకుని
ఫొటో కిందికి పోనిచ్చి
అటూ ఇటూ, అటూ ఇటూ,
నిద్రపోయిన పిల్ల తల కింద నుంచి
చెయ్యి లాక్కున్నట్టు.
సాయంత్రానికి మూడు ఊడొస్తే గొప్ప.
నాన్న బడి ఫొటోలో ఒక మూల అట్టకే ఉండిపోయింది.
ఆయన ఎడమ బూటు.
పోనీలే, ఆ బూట్లు ఆయనవి కావు,
ఆ పూటకి అరువు.

ఏడో పేజీలో
మా ఇల్లు సముద్రం మీద ఉంది.

అతిశయం కాదు. మా వైపు ఇళ్లు నడుస్తాయి.
భూమి అదిరి ఒడ్డు కుంగిన మరుసటేడు
కింద దుంగలు పరిచి, ఎడ్లు కట్టి లాగి,
పోటు చూసి నీళ్లలోకి దించి
పడవలతో అవతలి ఒడ్డుకి తోలుకెళ్లారు.
పొగగొట్టంలోంచి పొగ వస్తోంది చూడండి.
లోపల మామ్మ బంగాళాదుంపలు ఉడకేస్తోందట,
ఇల్లు ప్రయాణంలో ఉందని ఆకలి ఆగుతుందా!

ఆ ఫొటో కింద దారం మూడు సాయంత్రాలు నడిచింది.
వెనక్కి తిప్పితే పెన్సిల్ రాత,
రెండేళ్లే బడికెళ్లిన మామ్మ రాత.
ఇరవై పేర్లు, పేరు పక్కన ఎన్ని ఎడ్లు.
కొన్ని పేర్ల మీద గీత.
పోయినవాళ్లేమో అనుకున్నాను.
"నాజారియో మాన్సిల్యా, రెండెడ్లు",
గీత, పక్కన "కప్పు చెక్కలు" అని.
అంటే తాత వెళ్లి వాళ్ల కప్పు నేసొచ్చాడు.
అంటే గీత చావు కాదు,
చెల్లు.

పద్దెనిమిదింటికి గీతలున్నాయి.
ఒక పేరు జిగురుతో లేచిపోయింది, ఎంత వెలుగులో పెట్టినా చదవలేను.
ఇంకొకటి ఎలెఉతేరియో నౌతో.
ఒక ఎద్దు.

భూతద్దం పెట్టి వెతికాను.
తాడు కొసన, ఒంటి ఎద్దు పక్కన
కాడి రెండో కొస తన భుజానికెత్తుకుని
తానే రెండో ఎద్దయిన మనిషి.
బూజు అతని టోపీ దాకా వచ్చి ఆగింది.

నౌతో మనవరాలు యెస్సేనియా
ఆల్చిప్పల షెడ్డులో పనిచేస్తుంది.
వాళ్ల పడవపాక వాలు జారుతోందని
పోయిన నెల గడపగడపకీ తిరిగి
నలుగురు మనుషుల్ని అడిగింది.
క్రేను అద్దెకి దొరుకుతుందిగా అన్నారు అందరూ.
నేను నడుం నొప్పి అన్నాను.
నొప్పి నిజమే. అయినా.

ఆదివారం పొద్దున్నే వెళ్లాం.
ఎడ్లెక్కడివి, తమ్ముడి ట్రాక్టరు,
ముఖం మాడ్చుకున్న వాడి కొడుకులిద్దరు, ఒక కుండెడు పులుసు.
రొట్టె కాగితంలో చుట్టి ఫొటో నా కోటు లోపల.
పాక పది బారలు పైకి జరిగేసరికి చీకటి పడింది.

అప్పుడు చూపించాను.
యెస్సేనియా తాతని ఎప్పుడూ చూళ్లేదు.
వాళ్ల పెట్టెలో ఫొటోలన్నీ తడిసి ఒకే ఇటుకైపోయాయట.
చాలాసేపు చూసి, "కురచ మనిషే" అంది.
ఇంకేమీ అనలేదు.

పెన్సిలు తన చేతికే ఇచ్చాను.
మెత్తగా గీయమన్నాను,
గట్టిగా నొక్కితే
అవతల ఎవరి మొహానో గుంట పడుతుంది.

ఫొటో ఇప్పుడు పిల్లి పక్కన, కాగితం కవరులో ఉంది.
పందొమ్మిది గీతలు.
ఇరవయ్యోది ఎవరో తెలియదు కనక
ఈ ఒడ్డున ఎవరు పిలిచినా
కోటు తొడుక్కుంటున్నాను.