అప్పు

"రెండులోంచి ఏడు పోదు.
పక్కనున్న మూడునడిగి ఒక పది అప్పు తెచ్చుకో."
పదహారేళ్లుగా ఇదే మాట చెప్తున్నాను
జియాగూడ ప్రాథమిక పాఠశాల, మూడో తరగతిలో,
తడిపితే తప్ప నల్లబడని బోర్డు ముందు నిలబడి.

పిల్లలు రాగం తీసి తిరిగి చెప్పేవాళ్లు.
రాగం కుదిరితే పాఠం వచ్చిందనుకునేదాన్ని.

మొన్న ఐలేష్ లేచాడు.
"టీచర్, మూడు దగ్గర తెచ్చినం గదా,
మళ్ల ఎప్పుడిస్తం?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వబోయాను.
వాడు నవ్వలేదు.
పొద్దుగూకితే వాళ్లింటి ముందు
గిరిగిరి ఆయన బండి ఆగుతుందని,
చిన్న కార్డు మీద ఒక గీత కొట్టి పోతాడని
నాకు తర్వాత తెలిసింది.

అదే పిల్లవాడు,
గుడిమల్కాపూర్ మార్కెట్ గేటు పక్కన
వాళ్లమ్మ బాలమణి మల్లెలు మూరేస్తుంటే
"రెండు మూరలు డెబ్బై, ఇగో నీ ముప్పై" అని
నా వంద నోటు మడత విప్పకముందే
చిల్లర చేతిలో పెట్టాడు.
నా పరీక్షలో వాడికి పదికి రెండు.
ఆ రెండూ చేతిరాతకి వేసినవే.

ఆ రాత్రి పేపర్ల కట్ట ముందు
ఎర్ర పెన్ను మూత తీయబుద్ధి కాలేదు.

మర్నాడు బడిలో కొత్త చీపురు విప్పాను.
ఊడ్చే నీలమ్మ లబోదిబోమంది.
పదేసి పుల్లలకి ఒక రబ్బరు బ్యాండు.
మూడు కట్టలు, విడిగా రెండు పుల్లలు.
"నాకు పదిహేడు ఇవ్వండి" అని చెయ్యి చాచి
నోరు మూసుకున్నాను.
నాకు అన్నిటికన్నా కష్టమైన పని అదే.

ఒక నిమిషం.
బయట పురానాపూల్ వైపు బస్సు హారన్.
ఇంకో నిమిషం.
సఫియా ఒక కట్టని అటు తిప్పి ఇటు తిప్పి
ఐలేష్‌కి అందించింది.
వాడు బ్యాండు లాగేశాడు.
పుల్లలు బండల మీద చెల్లాచెదురు.

"అప్పు కాదు టీచర్! మన కట్టనే ఇది.
చిల్లర చేసినం, గంతే."

అందరికీ రాలేదు.
నలుగురు ఇంకా వేళ్లు మడుస్తున్నారు,
ఒకడు పుల్ల నములుతున్నాడు.
సిలబస్ రెండు పాఠాలు వెనకబడింది.
సోమవారం తనిఖీకొచ్చే సారు
నోటుబుక్కులు చూస్తాడు, చీపురు చూడడు.

నాలుగో లెక్క దగ్గర
అలవాటుగా మళ్లీ నోరు జారాను.
"పక్కనడిగి అప్పు..."

వెనక వరసలో ఎవరో
పెద్దమనిషిలా దగ్గారు.