సోమవారం పళ్లేలు

నాకు సదువు రాదు.
నోటీసుబోర్డులో అంటించే ర్యాంకుల కాయితం
నా కంటికి చీమలబారు.
అయినా ఎవురికెన్ని మార్కులు తగ్గినాయో
సార్లకన్నా ముందు నాకే తెలుస్తాది.

కరకంబాడి రోడ్డు పక్క సందులో ఆడపిల్లోళ్ల హాస్టలు.
ఆదివారం పరీక్ష. సోమవారం పళ్లేలు.
మున్నూటాపది పళ్లేలు తొట్టి కాడికొస్తే
ఊడ్చి తిన్నవి పదో, పన్నెండో.
ఇడ్లీని ఏలితో పొడిచి వొదిలేసుంటే ఫిజిక్సు పోయినట్టు.
కలిపిన ముద్ద నోటిదాకా పోక ఎండిపోయుంటే
నాయనకి ఫోన్ చెయ్యను భయపడినట్టు.
కొందురు చెట్నీలో గుండ్రాలు గీస్తారు,
వరసగా, నాలుగేసి.
ఒకదాన్ని మాత్రం ఏలితో అద్ది పూడుస్తారు.
తప్పు గుండ్రం పూడిస్తే
వొచ్చిన మార్కుల్లో కూడా కోస్తారంట.
కూలి ఎగ్గొట్టేది శానా చూసినా గానీ
కూలికొచ్చినందుకే తప్పు కట్టించుకునేది
ఇక్కడే విన్నా.

ఆ పాప పేరు మునిలాస్య. గుడుపల్లె పక్కన పల్లె.
మూడు సోమవారాలుగా ఆమె పళ్లెం
పెట్టింది పెట్టినట్టే వెనక్కొచ్చింది.
మూడో సోమవారం రాత్రి ఒంటిగంటకి
నీళ్ల డ్రమ్ము పక్కన మెట్టు మీద కూచోని
ఒకే పేజీని అటూ ఇటూ తిప్పతా ఉంది.
చేతులు వొణకతా ఉన్నాయి.

భయపడొద్దని నేను చెప్పలా.
ఆ మాట మైకులో చెప్పను ఒకాయన వొచ్చిపోయినాడు.
ఆయన కారెక్కేలోపలే
పిల్లోళ్లు ఇంకొంచెం భయపడినారు.
"రా మే, చెనిక్కాయలు వొలుద్దువు" అన్నా.
"టైము లేదక్కా. ఇంకా రెండు చాప్టర్లుండాయి."
"మెస్సు గడియారం చూడు.
నాలుగు నెల్లుగా మూడూ నలభయ్యే.
ఈడ కావాల్సినంత టైముంది."
నవ్వలా గానీ, వొచ్చింది.

మొదుటి కాయలన్నీ గింజతో సహా నలిగినాయి.
శేరు గింజలయ్యేసరికి
ఏళ్లు వాటి పని అవి చూసుకుంటా ఉన్నాయి.
అప్పుడు మాట్లాడింది.
పరీక్ష గురించి కాదు, పురుగుల గురించి.

వాళ్ల నాయన పట్టుపురుగులు మేపుతాడంట.
ఆకలి మీదుంటే వాన పడినట్టే చప్పుడంట, షెడ్డంతా.
గూడు కట్టేలోపల నాలుగుసార్లు జ్వరమొస్తాదంట.
జ్వరమంటే జ్వరం కాదక్కా,
పాత తోలు ఇడిచే నిద్ర.
తల పైకెత్తుకోని రాయి మాదిరి ఉండిపోతాది.
అప్పుడు ఎంత లేత ఆకైనా వెయ్యకూడదు.
తట్ట కదిలించకూడదు.
"నాయన మమ్మల్ని గూడా గట్టిగా మాట్లాడనీడు."

చెప్తా చెప్తా, కాయ చేతిలో పెట్టుకోని ఆగిపోయింది.
నేనేమీ అనలా.
అనాల్సింది ఆమే అనేసింది,
ఆమెకే వినపడింది.

పొద్దున వార్డెనమ్మ కాడికి పోయినా.
పదిన్నరకి లైట్లు తీసెయ్యండమ్మా అన్నా.
పురుగులు, జ్వరం, తోలు, అంతా చెప్పినా.
"నువ్వు పాత్రల పని చూసుకో నాగూరమ్మా" అనింది.

చూసుకుంటా ఉండా.
మెయిన్ స్విచ్చి మెస్సు గోడకే ఉండాదని
ఆమెకి గుర్తులేదు.
వారానికి మూడుదినాలు, సరిగ్గా పదిన్నరకి
మా హాస్టల్లో కరెంటు పోతాంది.
సందు చీకటైతే
కొండదోవ లైట్లు కిటికీలోకొస్తాయి.
ఒకమ్మాయి వాటిని లెక్కబెడతా పండుకుంటాది.
ఎన్నొచ్చినాయో ఎవురికీ చెప్పే పన్లా,
తప్పు లెక్కబెట్టినా కోసేవాడు లేడు.
మిగతావోళ్లు కరెంటోళ్లని తిట్టుకుంటా, తిట్టుకుంటానే
నిద్రపోతారు.

ఈ సోమవారం మునిలాస్య పళ్లెంలో
సంగటిముద్ద సగం మిగిలింది.
సగమే.
ఊరిబిండి అయితే నాకిపెట్టింది.
కాయితంలో ఆమె పేరు యాడుందో
నేను ఎవుర్నీ అడగలా.