గోతాం తరుగు

ఇరవై రెండేళ్లుగా గుంటూరు మిర్చి యార్డులో
కాటా రాసేవాణ్ణి.
టిక్కీ మిషను మీద పడీ పడగానే
ఎర్రంకెలు నిలవకముందే
లెక్క నా నోట్లో ఉంటుంది.
గోతాం బరువు తీసేసి రాస్తాం.
దాన్ని తరుగంటాం.

మొన్న బుధవారం షెడ్డు పక్కన టెంటేసి
ఆరోగ్య శిబిరం అన్నారు.
నర్సు మెహరున్నీసా చిన్న మిషను చూపించి
ఎక్కండి అంది.
చెప్పులు విడిచి, తాళాలూ సెల్లూ
హమాలీ యాకోబు చేతికిచ్చి
ఎక్కాను.
తొంభై ఆరు.

"గోతాం తరుగు తియ్యండమ్మా" అన్నాను.
వరసలో వాళ్లంతా నవ్వారు.
ఆమె కూడా నవ్వి, టేపు తీసి,
నా నడుం చుట్టూ చేతులు అందక
ఒక కొస యాకోబుని పట్టుకోమంది.
నవ్వు అక్కడ ఆగింది.

పొద్దున్నుంచీ ఏం తింటారు?
ఏడున్నరకి బ్రాడీపేటలో నాలుగిడ్లీ,
కారప్పొడి మధ్యలో గుంట, గుంటలో నెయ్యి.
తర్వాత రైతులు ఇప్పించే టీ.
వద్దంటే చిన్నబుచ్చుకుంటారు.
ఎన్ని?
ఎందరు రైతులైతే అన్ని.
పంచదార వేసుకునే తాగుతారా?
మరి ఉప్పేసుకుని తాగుతారా!
మధ్యాహ్నం అన్నం. ఎంత?
అరచెయ్యి గాల్లో గుండ్రంగా తిప్పాను.
ఆ గుట్టకి నా దగ్గర అంకె లేదు.
పప్పు, పచ్చడి, ఆఖర్న పెరుగన్నం.
పెరుగు మిగిలితే దాన్లోకి కాస్త అన్నం,
అన్నం మిగిలితే దాన్లోకి కాస్త పెరుగు.
కూరలు? గోంగూర ఉందిగా.
పళ్లు? జ్వరమొచ్చినప్పుడు.
సాయంత్రం మిరపకాయ బజ్జీ.
రోజంతా మిర్చిలోనే ఉండి కూడానా?
ఇది ఎండుదండీ, అది పచ్చిది.
సీజన్లో ఇల్లు చేరేసరికి పదకొండు.
అప్పుడు రెండో గుట్ట.
గుట్ట దిగకముందే నిద్ర.

రాత్రి భోజనం ఎనిమిదిలోపు చెయ్యండి అంది.
ఆ మాట లారీకి చెప్పండమ్మా.

తర్వాత యాకోబు ఎక్కాడు.
యాభై నాలుగు.
నాకన్నా రెండు ముద్దలు ఎక్కువే తింటాడు,
ఎదురుగా కూచుని ఎన్నిసార్లు చూశానో.
కానీ పొద్దుగూకేలోగా
నూరు టిక్కీలు వాడి వీపు మీంచి వెళతాయి.
నా కలం కిందనుంచీ అవే నూరూ వెళతాయి.
కలం బరువెంత?

మా నాన్న పేరయ్య కూడా హమాలీ.
సత్తు పళ్లెంలో అంచు దాకా అన్నం,
వేలెడు పచ్చడి, ఓ ఉల్లిపాయ.
తిన్నదంతా సాయంత్రానికి
చొక్కా మీద ఉప్పు చారలై తేలేది.
నన్ను మూట ముట్టుకోనివ్వలేదు.
డిగ్రీ దాకా లాక్కొచ్చి కుర్చీలో కూచోబెట్టాడు.
మూట దించాడు గానీ పళ్లెం మార్చలేదు.
"అన్నం ముందు లెక్కలు చూడకురా" అనేవాడు,
లెక్కపెట్టుకుని తిన్న రోజులు చాలా చూసినవాడు.

ఆ రాత్రి శేషుకుమారి వడ్డించాక
కూరగాయల కాటా తీసుకొచ్చి
పళ్లెం దానిమీద పెట్టాను.
"అన్నాన్ని తూస్తారా ఎవరన్నా?
కళ్లు పోతాయి" అంది.
కిలో మీద అరవై గ్రాములు.
పళ్లెం తరుగు తియ్యాలిగా.
అన్నం గిన్నెలోకి గుమ్మరించి
ఖాళీ పళ్లెం పెట్టాను.
మూడొందల ఇరవై.
నాన్న పళ్లెమే అది.

మళ్లీ వడ్డించుకున్నాను, సగం.
పక్కనే బీరకాయ కూర,
పిల్లలకని దాచింది, లాక్కున్నాను.
తను ఏమీ అనలేదు,
గరిటె మాత్రం గిన్నెలో పెట్టకుండా
చేతిలోనే పట్టుకుని నిలబడింది.

పన్నెండున్నరకి ఆకలేసి లేచాను.
చీకట్లో వంటింటి గుమ్మం దాకా వెళ్లి
మంచినీళ్లు తాగి నిలబడ్డాను.
అది ఆకలో, అలవాటో
తూచే మిషను మా యార్డులో లేదు.

పొద్దున ఓ రైతు టీ ఇప్పించబోతే
పంచదార లేకుండా అన్నాను.
"ఏంటి గుమస్తా, ధర పడిందా?"
కంగారుగా అడిగాడు, పాపం.