పడుగూ పీకా

మంచిర్యాల నించి ఒకామె ఫోన్ చేసి
అరగంట తిట్టింది.
"రెండు ఉతుకులకే రంగు దిగింది.
మీ కొత్తవాడ శత్రంజీలకో దండం."
నేను మంచిర్యాలకు ఏమీ పంపలేదు.
రశీదు పుస్తకం రెండుసార్లు తిరగేసిన.
పంపలేదు.

ఎక్కడ కొన్నవమ్మా అంటే
పేరు చెప్పింది. నా వెబ్‌సైటు పేరే,
చివర ఒక్క అక్షరం ఎక్కువ.

తెరిచిన.
మా ఇంటి తలుపు తీస్తే
లోపల ఎవరో నా చీర కట్టుకుని
నా గ్లాసులో చాయ్ తాగుతున్నట్టుంది.
అవే ఎరుపు గీతలు, అదే నీలం పక్షి,
కరెంటు పోయి వచ్చే మధ్యన
రాత్రిళ్లు నేను రాసుకున్న వాక్యాలే.
కింద ఆడెపు స్రవంతి అని ఉండాల్సిన చోట
ఖాళీ.

కోపంల ఉన్న కన్ను అన్నిటినీ దొంగసొత్తే అంటది.
శత్రంజీని ఎవరైనా శత్రంజీ అనే అంటరు,
నూలుకు నూలే పేరు,
మాట కలిసినంత మాత్రాన దొంగ అనరాదు
అని నాకు నేనే చెప్పుకున్న.
ఒక పొడుగు వాక్యం తీసి
కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతికిన.
లోకం మొత్తంల రెండే చోట్ల ఉంది.
వాని సైటు పుట్టిన తేదీ చూసిన,
పోయిన శ్రావణం.
నాది దానికి మూడేండ్లు పెద్ద.

అయినా ఎక్కడో అనుమానం.
అప్పుడు కనబడ్డది ఆ పీక.

టైపింగు చేతకాని రోజుల్లో
"పడుగూ పేకా కలిసి" అని రాయబోయి
"పడుగూ పీకా కలిసి" అని రాసిన.
మూడేండ్లు నేను చూడలే, ఎవరూ చెప్పలే.
వాడూ చూడలే.
నా తప్పుతో సహా ఎత్తుకపోయిండు.
ఇంకా కిందికి పోతే
"మేడారం జాతర నాలుగు రోజులు
మా మగ్గాలకు సెలవు."
ఎక్కడివాడో, మగ్గం ముఖం చూసిండో లేదో,
సమ్మక్క గద్దెకొచ్చే నాడు
వాడు కూడా దుకాణం కట్టేస్తడట!
నవ్వొచ్చి, దగ్గొచ్చి, లేచి నీళ్లు తాగిన.

తెల్లారి కుసుమ ఐలయ్య మగ్గం దగ్గర కూర్చొని
ఫోన్ చూపెట్టిన.
ఫొటోల తన చెయ్యి గుర్తుపట్టిండు,
నీలిరంగు వదలని బొటనవేలు.
"నా చెయ్యి గక్కడికెప్పుడు పోయింది?"
కాసేపు గుంటల కాళ్లాడించి
"ఆ పక్షి నాది కాదు బిడ్డా" అన్నడు.
"మట్టెవాడల ఒకాయన మగ్గం మీదిది.
కిటికీలకెల్లి చూసి ఎత్తుకొచ్చిన.
పదిసార్లు విప్పిన.
పదకొండోసారి ముక్కు కుదిరింది.
తీస్కపోయి ఆయనకే చూపెట్టిన.
కొట్టలే. రెక్క వంకరున్నదన్నడు.
గిప్పటికీ వంకరనే.
వీడేం విప్పిండు?"

దానికి నా దగ్గర జవాబు లేదు.

మొదటి ఉత్తరం నిండా తిట్లే. పంపలే.
రెండోదాంట్లో ఒక్క విశేషణం లేదు.
ఇది నా పేజీ, ఇది మీది, ఇవి తేదీలు,
ఇవి కత్తిరించని ఫొటోలు,
పది రోజుల్లో తీసెయ్యండి.
అంతకుముందే వాని పేజీలన్నీ
తేదీ కనబడేటట్టు ఫొటోలు తీసి దాచిన.
అడిగినంక దొంగసొత్తు ఇంట్లో ఉండదు.

వాడు పలకలే.
పదకొండోనాడు అదే ఉత్తరం
వానికి జాగా కిరాయికిచ్చిన కంపెనీకి పంపిన,
ఇంటి ఓనరుకు చెప్పినట్టు.

నాలుగు రోజులకు సైటు లేదు.
గెలిచిన అనను.
మంచిర్యాల ఆమె పైసలు ఆమెకు రాలే.
ఇంకో పేరుతో వాడు
ఇంకెవరి గ్లాసులోనో చాయ్ పోసుకుంటుండొచ్చు.
ఆమెకు ఒక చిన్న శత్రంజీ సగం ధరకు పంపిన.
తిట్లు తగ్గినయి, పూర్తిగా పోలే.

నిన్న రాత్రి కూర్చొని తప్పులన్నీ దిద్దిన,
దీర్ఘాలు, ఒత్తులు, మారిన ధరలు.
పీక దగ్గర వేలు ఆగింది.

ఉండనీ.
చదివినోళ్లు నవ్వితే నవ్వనీ.
మళ్లా ఎవడన్నా వస్తే
పట్టుకోవడానికి ఒక పీక ఉండాలె.