ఇరవయ్యారు పొలుసులు

రాత్రంతా నూట పది బారల లోతున వేలాడిన వల
తెల్లారేసరికి పంగ్లావో ఒడ్డున చిక్కుముడిలా కూలబడింది.
టియొదులో ఒక్కో ముడీ విప్పుతున్నాడు.
గవ్వలు బుట్టలోకి, పీతలు బక్కెట్లోకి,
ఎందుకూ పనికిరానివి నా వైపుకి.

ఆ పనికిరానివాటి కోసమే
నెలనెలా సెబులో పడవెక్కుతాను.

చిటికెనవేలంత కూడా లేని చేప.
పైకొచ్చే దారిలో పొట్ట బుడగలా ఉబ్బి
కళ్లు బయటికొచ్చేశాయి.
అయినా ఒంటినిండా పసుపు, పసుపులో నారింజ చారలు మూడు.
వెలుగు చేరీ చేరని ఆ చోట
ఎవరికి చూపించాలనో ఈ సింగారం!
"ఫోటో తియ్యి, తొందరగా," అంటాడు టియొదులో.
నిజమే. రెండు నిమిషాలే ఆ రంగు.
ఫార్మలిన్‌లో పడ్డాక
చేపలన్నీ ఉడికిన గుడ్డు తెలుపే.

తర్వాత ఎనిమిది నెలలు లెక్కలు.
పారిస్ మ్యూజియం అరువిచ్చిన నూట ఇరవై ఏళ్ల చేపను
పక్కన పడుకోబెట్టి, సూదిమొనతో,
వీపు రెక్కకి ముళ్లు తొమ్మిది,
పక్క రెక్కకి ఈనెలు పదిహేడు,
మొప్ప నుంచి తోకదాకా పొలుసులు ఇరవయ్యారు.
ఇరవయ్యారా, ఇరవయ్యేడా?
ఇది కొత్తదో, ఆ ముసలిదాని మనవరాలో
తేలాల్సింది ఆ ఒక్క పొలుసు మీదే.
మూడుసార్లు లెక్కపెట్టాను.
కళ్లు కడుక్కొచ్చి నాలుగోసారి.
ఇరవయ్యారు.

"నీ పేరే పెడతాను," అన్నాను.
"లాటిన్‌లో చివర ఒక్క 'ఇ' చేరిస్తే చాలు, నీదైపోతుంది."
వల అల్లే సూది ఆగలేదు.
"కిలో ఎంత పలుకుతుందది?"
"కిలో కావాలంటే సముద్రమంతా తోడాలి."
నవ్వాడు. చాలాసేపటికి,
"నాది వద్దు. మా తమ్ముడిది రాయి. బెనిల్డో.
వల దింపుతుంటే తాడు కాలికి చుట్టుకుంది.
ఏడేళ్లయింది.
మనకంటే ముందే చూసుంటాడు దాన్ని."

లేబుల్ వేలెడు కాగితం.
పెన్సిల్‌తోనే రాయాలి, సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.
చోటు. లోతు. తేదీ.
పట్టినవారు: టియొదులో.
మొదట చూసినవారు అనే గడి లేదు.
పెన్సిల్ చెక్కుకుంటూ కాసేపు కూర్చున్నాను.

ఇవాళ పడవ కదులుతుండగా
మోకాలిలోతు నీళ్లలో నడుచుకుంటూ వచ్చి
తడిగుడ్డ పొట్లం నా చేతిలో పెట్టాడు.
"చారలు నాలుగున్నాయి," అన్నాడు.
"రెండుసార్లు లెక్కపెట్టా."