పాయింటు

మొదటి రోజు క్లాసుకు మెదడు బొమ్మ పట్టుకపోలే.
చండూరు అంగట్ల కొన్న కొబ్బరికాయ ఒకటి
సంచిల ఏసుకొని నల్లగొండ బస్సెక్కిన.
బల్ల మీద పెడితే పిల్లలు నవ్విండ్రు:
"మేడం, ఇయ్యాల పూజనా?"

పూజ కాదు. మా పెద్దబాపు.

ఇస్తారి అంటే తెల్వనోళ్లకు గూడా
పాయింటు ఇస్తారి అంటే తెలుస్తది.
మునుగోడు నుంచి మర్రిగూడ దాకా
ఏ చెలకల బోరు లారీ దిగాలన్నా
ముందు ఆయన చెప్పులు విడవాలె.
అరచేతిల కాయను పండవెట్టి, పీచు వేళ్ల దిక్కు,
పరాయి పసిబిడ్డను ఎత్తుకున్నంత భయంతోని నడిచేటోడు.
ఎక్కడనో ఒక కాడ
కాయ మెల్లగ లేచి కూసునేది.
"నేను లేపలే. ప్రమాణం" అనేటోడు.

నిజమే. ఆయన అబద్ధమాడలే.
అబద్ధం కన్నా లోతు సంగతి అది,
లారీ రాడ్లకు అందని లోతు.

ముప్పై ఏండ్లు చూసినయ్ ఆ కండ్లు:
పుట్ట ఏ వాలుకు లేస్తది,
ఎండకాలం గూడా తంగేడు ఎక్కడ పచ్చగుంటది,
సుద్ద తెగి ఎర్రమన్ను ఎక్కడ మొదలైతది,
రైతు పెండ్లాం ఏ మూలకు చూసి ఊపిరి బిగబడ్తది.
అన్నీ కూడి లోపల ఎవరో లెక్క తేల్చిండ్రు.
తేల్చి, చేతికి చెప్పిండ్రు.
ఆయనకు చెప్పలే.
మణికట్టు వెంట్రుకంత కదిలితే చాలు,
గుండ్రటి కాయకు అదే భూకంపం.

మనసు అసొంటి ఆఫీసు, పిల్లలూ.
దస్తఖత్ మనది. ఫైలు చదివినోళ్లు వేరే.

ముందు బెంచీ పిలగాడు రాసుకుంటున్నడు:
మనసు అంటే ఆఫీసు.
కొట్టెయ్యమన్న.
పోలికలు గూడా కొబ్బరికాయలే,
పట్టుకున్నోడు అనుకున్న కాడనే లేస్తయ్.

"మరి నీళ్లు పడేవా మేడం?" తబస్సుం అడిగింది.

పడేవి. పడకపోయేవి.
ఊరిని అడిగితే పడ్డవే చెప్తది.
నీళ్లు పడ్డ బోరుకు పేరుంటది:
మూడించుల బోరు, లచ్చువమ్మ బోరు, పెండ్లినాటి బోరు.
ఎండిన బోరుకు మూతి మీద ఒక బండ.
జ్ఞాపకం బండలను లెక్కవెట్టదు.
నేను పెట్టిన, ఒక ఎండకాలం సెలవుల,
రెండు ఊర్లు, ఒక నోటుబుక్కు.
అరవై ఒకటి వేస్తే ఇరవై మూడు.
కండ్లు మూసుకొని పత్తిచేన్ల రాయి ఇసిరినా
గంతకు గంతే పడేవేమో.

సాలమ్మ చెలకల మూడు వేసిండ్రు. మూడిట్లా తెల్లటి పొడే ఎగిసింది.
మూడోదానికి ఆమె పుస్తెలతాడు కుదువకు పోయింది.
ఈ ముక్క క్లాసుల చెప్పలే.

ఒకనాడు తువ్వాలతోని పెద్దబాపు కండ్లు కట్టిన.
అదే చెలక, నాలుగుసార్లు నడిపిచ్చిన.
కాయ నాలుగు చోట్ల లేచింది.
గంతలు విప్పి, నేను పాతిన నాలుగు పుల్లలు చూసి,
చేతిల బీడీ చేతిలనే ఉంది, చానసేపు ముట్టియ్యలే.
నేను గెలిచినట్టే ఉంది.
గెలుపు గొంతుల రాతిపొడి లెక్క దిగింది.

అప్పుడు కాయ నా చేతిల పెట్టిండు.
"సదువుకున్నదానివి. నువ్వు నడువు."

నడిచిన.
నాకు అన్నీ ఎరుకే: మణికట్టు, వెంట్రుకంత కదలిక.
ఆ ప్రశ్నకు జవాబు రాసి పాసైనదాన్ని.
వెనకనుంచి ఆయన, తనకు తాను అనుకున్నట్టు,
"ఈడ జర సల్లగున్నట్టుంది బిడ్డా" అన్నడు.

కాయ లేచింది.

గంట కొట్టిండ్రు. ఎవ్వరూ లేస్తలేరు.
అందరూ నా చెయ్యి దిక్కే చూస్తున్నరు.
బల్ల మీది కాయ
ఎప్పుడొచ్చిందో అరచేతిలకు, పీచు వేళ్ల దిక్కు.

నేను తియ్యలే.
ప్రమాణం.